సూది దించే చోటు

ఆ ఏడు పెద్ద వానలు తొందరపడ్డాయి. మార్చి సగం కాకముందే సరస్సు మీద నల్లగా కమ్ముకొచ్చి, మా అమ్మ ఒడ్డున పాత వలల మీద ఆరబోసిన ఒమెనా చేపల్ని తడిపి ముద్ద చేశాయి. చిటికెన వేలంత కూడా ఉండని చేపలవి. రెండు ఎండలు తగిలితే గలగలమంటాయి, ఒక్క వాన తగిలితే వీధి వీధంతా ముక్కు మూసుకోవాలి. ఆ కాలంలో మా అమ్మ మొహం చూస్తే చాలు, ఆకాశం చూడక్కర్లేదు. నుంగారి మా గుమ్మం ఎక్కిన రోజున ఆ మొహం మాడిపోయి ఉంది.

నుంగారిది నైరోబీ. ముప్పై అయిదేళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో చిన్న సూట్‌కేసు. కూర్చోగానే జేబులోంచి తెల్లటి గుడ్డ తొడుగులు తీసి చేతులకి తొడుక్కుంది. మా అమ్మ అవి చూసి, "ఇక్కడెవరూ నెలలు నిండినవాళ్ళు లేరమ్మా," అంది.

నుంగారి నవ్వేసింది. "పురుడు పొయ్యడానికి రాలేదమ్మా, పాత రికార్డులు కొంటాను. ఒలుచ్ జాజ్ బ్యాండు వాళ్ళ పాట 'అడోయో' మీ దగ్గరుందని కెందు బే బజార్లో చెప్పారు."

అంతే, అమ్మ మొహం విచ్చుకుంది. అడోయో మా అమ్మ పేరు. వరండాలో నాన్న ఎవరిదో సైకిలు తలకిందులుగా నిలబెట్టి చువ్వలు బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు గానీ చక్రం తిప్పడం ఆపాడు.

అమ్మ లోపలికెళ్ళి బైబిలు పక్కన గుడ్డలో చుట్టి పెట్టుకున్న రికార్డు తెచ్చింది. పసిపాపని అందించినట్టు అందించింది. "చూడమ్మా, ఎంత వాడామో! పైనంతా తెల్లబడిపోయింది చూడు. సూది గంతులెయ్యకుండా తల మీద పది సెంట్ల బిళ్ళ పెట్టి మరీ వాయించాం."

నుంగారి చిన్న టార్చి వేసి, రికార్డుని అటూ ఇటూ వాల్చి చూసింది. పాపం, ఆమె మొహం చిన్నబోయింది. "అమ్మా, ఏమీ అనుకోకండి. దీనికి విలువ లేదు."

"విలువ లేదా! ముప్పై అయిదేళ్ళుగా పాడుతోందే ఇది!"

"అందుకేనమ్మా. ఎవరూ వాయించని రికార్డుకే డబ్బు. షాపులోంచి అప్పుడే తెచ్చినట్టు నిగనిగలాడాలి. అలాంటి 'అడోయో' ఒక్కటి దొరికితే నేను లక్ష షిల్లింగులైనా ఇప్పిస్తాను."

అమ్మ నా వైపు తిరిగింది. "విన్నావటే అపొండీ? అందరూ ముచ్చటపడి అరగదీసిన పాటకి సున్నా అట, ఎవరికీ పట్టని పాటకి లక్షట! నైరోబీలో ఎండలెక్కువ కాబోలు."

మా అమ్మని అనడానికి లేదు. మా బజార్లో పాత రికార్డుల కొట్టులో లెక్క ఇప్పటికీ అదే. గీతలు పడి అరిగినవి పైన వేలాడదీస్తారు. నిగనిగలాడేవి ఏమైనా ఉంటే, "ఎవడూ వినని సరుకు" అని కింద గోనెసంచిలో పడేస్తారు. నుంగారి ఆ సంచి ముందు పొద్దుట్నించీ ఎందుకు గొంతుక్కూచుందో కొట్టువాడికి అర్థం కాలేదట.

సంగతేమిటంటే, ఎక్కడో బయటి దేశం కంపెనీ ఒకటి మా పాత పాటల్ని మళ్ళీ అచ్చు వేస్తోంది, నుంగారి వాళ్ళ తరఫునే వచ్చింది. 'అడోయో' అసలు టేపు ఎప్పుడో చెడిపోయింది. శుభ్రమైన రికార్డు దొరికితే దానిలోంచే పాట తీసుకోవాలి. అట్ట మీద పేర్లు కూడా వెయ్యాలి.

"పేర్లకి ఇబ్బంది లేదులెండి," అంది నుంగారి. "పాడిన ఒలాక్ గారు పోయారు కదా, వాళ్ళబ్బాయి డిక్సన్ అన్నీ చెప్పాడు. పాట, బాణీ, గిటారు, అంతా వాళ్ళ నాన్నగారే."

వరండాలో పానా కింద పడింది. నాన్న నూనె చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "పాడింది ఒలాకే," అన్నాడు. "బాణీ నాది. గిటారు నాది."

ఆ మాట నాన్న గట్టిగా అనడం నేను వినడం అదే మొదలు. చిన్నప్పుడు బళ్ళో, "ఆ పాటలో గిటారు మా నాన్నదే" అని చెప్పి నవ్వులపాలయ్యాను. "మీ నాన్న వాయించేది సైకిలు బెల్లు కదే" అనేవాళ్ళు. రికార్డు మీద చూస్తే ఒలాక్ పేరొక్కటే ఉండేది. పాట మా అమ్మ పేరున ఉందంటే ఎవరు నమ్ముతారు? కలుపు తీసే రోజుల్లో పుట్టిన ఆడపిల్లలందరూ అడోయోలే. ఇంటికొచ్చి ఏడిస్తే నాన్న, "పోనీలే తల్లీ, పాటైతే ఉంది కదా" అనేవాడు. నాకు ఆ "పోనీలే" అంటే ఒళ్ళు మండేది.

"రుజువేమన్నా ఉందా పెద్దాయనా?" అంది నుంగారి మర్యాదగానే.

"రికార్డులోనే ఉంది. మధ్యలో పాట ఆగి గిటారు ఒక్కటే మోగుతుంది చూడు, అక్కడ ఒలాక్ నన్ను కేకేసి పిలుస్తాడు."

"ఏమని?"

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ చేపల బుట్ట వైపు చూసింది. "ఆయన చెప్పడమ్మా, చెప్పకూడదు," అంది చివరికి. "అందులో మా అమ్మ పేరుంది, అత్తగారి పేరు అల్లుడు పలకకూడదు. 'న్యార్ సెమె అల్లుడా, ఒబియెరో, వాయించు!' అంటాడు ఒలాక్. మా అమ్మది సెమె. ఆవిణ్ణి అందరూ అలాగే పిలుస్తారు, సెమె ఆడపడుచని."

"బాగుందే! అప్పటికి మీకు పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"పెళ్ళా! ఈయన మా ఇంటికొచ్చి పిల్లనడగనైనా లేదు! ఈ సంగతి సరస్సు చుట్టూ ఉన్న సారా కొట్లన్నిటికీ ముందు తెలిసింది, మా అమ్మకి తరవాత తెలిసింది."

"నేనన్నానా? అన్నది ఒలాక్," అన్నాడు నాన్న.

"అనిపించిందెవరు?"

నుంగారి నవ్వుకుంటూనే సూట్‌కేసు తెరిచి, రికార్డు ప్లేయరు మీద మా రికార్డు పెట్టి, సరిగ్గా ఆ చోట సూది దించింది. గరగర. ఇసుక వేయించినట్టు గరగర. దాని వెనక ఎక్కడో గిటారు మోగుతోంది, మాట మాత్రం లేదు. రెండోసారి దించింది. అదే గరగర.

"నేను కొన్న అయిదు రికార్డుల్లోనూ ఇక్కడే ఇలాగే ఉంది," అంది. "మిగతా పాటంతా ఎంతో కొంత నయం. ఈ ఒక్కచోటే ఎందుకు చచ్చిందో నాకిప్పటిదాకా తెలీలేదు."

"అక్కడే కదమ్మా అందరూ సూది దించేది," అన్నాడు నాన్న. "బార్లలో ఒక్కొక్కడూ పదిసార్లు మళ్ళీ వేయించుకునేవాడు ఆ గిటారు కోసం." ఆ అనడంలో గర్వం ఉంది, దిగులూ ఉంది. తన గొప్పే తన సాక్ష్యాన్ని తినేసిందని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

నుంగారి తొడుగులు విప్పి జేబులో పెట్టుకుంది. "నేను నమ్ముతున్నాను పెద్దాయనా. నమ్మినంత మాత్రాన అట్ట మీద వెయ్యనివ్వరు. మే నెలాఖరుకి అచ్చుకి వెళ్ళిపోతుంది. ఈలోపు శుభ్రమైన రికార్డు దొరికితే రెండు పనులూ అవుతాయి. లేకపోతే అరిగినదాన్నే సరిచేసి, డిక్సన్ చెప్పినట్టే వేస్తారు."

ఆమె వెళ్ళాక అమ్మ మెల్లిగా అంది: "ఇంకోటి ఉండేది. పాట వచ్చిన కొత్తలో ఈయన నాకిచ్చాడు. మా ఇంట్లో వాయించే పెట్టె లేదు, ఊరికే గుండెలకి హత్తుకుని పడుకునేదాన్ని. మా అమ్మ లాక్కుని పొయ్యిలో పెట్టేసింది."

*

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆ వారంలోనే కిసుము వెళ్ళాను. డిక్సన్‌కి అక్కడ మేకులు, రేకులు అమ్మే కొట్టుంది. నాలుగు మాటలు దులిపేద్దామని వెళ్ళినదాన్ని, అతను కుర్చీ వేసి సోడా తెప్పించేసరికి నా కోపం సగం చప్పబడింది.

"చూడు చెల్లీ, నాకు ఒకరి సొత్తు అక్కర్లేదు," అన్నాడు. "పాట వచ్చేసరికి నాకు రెండేళ్ళు. మా నాన్న ఎప్పుడూ 'నా పాట' అనే అనేవాడు. నేనదే చెప్పాను. ఇప్పుడు నువ్వొచ్చి కాదంటే, రేపు ఇంకొకరొచ్చి డప్పు నాదంటారు. మా నాన్న నోటితో చెప్పించు, ఒప్పుకుంటాను."

"మీ నాన్న సమాధిలో ఉన్నాడు కదా, ఎలా చెప్పించను?"

"అదే నేనూ అంటున్నాను," అన్నాడు. నిజంగా విచారంగానే అన్నాడు, అదే నాకు మరీ మండింది.

ఏప్రిల్ అంతా వాన. నుంగారి సరస్సు చుట్టూ ఊళ్ళన్నీ గాలించి రెండుసార్లు ఫోను చేసింది. దొరికినవన్నీ అరిగినవే. నాన్న ఆ ఊసు ఎత్తలేదు. కానీ చువ్వలు బిగించేటప్పుడు ఒక్కొక్కటీ వేలితో మీటి, చెవి ఒగ్గి వినేవాడు. అన్నీ ఒకే బిగువున పలికేదాకా సైకిలు ఇచ్చేవాడు కాదు. బేరాలు బయట గోల పెట్టేవి.

*

ఏప్రిల్ నెలాఖరున ఎప్పట్లాగే అమ్మమ్మకి ఒక సంచి ఒమెనా ఇచ్చి రమ్మని అమ్మ నన్ను పంపింది. అమ్మమ్మది న్యకచ్‌లో పాప్ ఒండితి అనే ఊరు. మటాటు వ్యాను దిగి నల్లరేగడి బురదలో అరగంట నడిచాను. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో చాప వేసుకుని చిక్కుడు గింజలు ఏరుతోంది. ఎనభై దగ్గరపడినా చూపు మాత్రం డేగ చూపు.

"వచ్చావా? మీ అమ్మ ఈసారైనా ఎండిన చేపలు పంపిందా, లేక పులుసు పంపిందా?"

నేనూ కూర్చుని గింజలు ఏరుతూ, వెళ్ళబోసుకోవడానికి ఇంకెవరూ లేక ఆవిడకే అంతా చెప్పాను. ఆ పాట పేరెత్తితే ఆవిడకి గిట్టదని తెలుసు. అయినా చెప్పేశాను. అట్ట మీద ఒలాక్ పేరొక్కటే వేస్తారట, గిటారు కూడా అతనిదేనట, మా నాన్న మాటకి సాక్ష్యం లేదట అని.

అమ్మమ్మ చేతులు ఆగాయి. "ఎవడే అన్నది? ఒలాక్‌కి గిటారొచ్చా! పట్టుకోవడమే చేతకాదు వాడికి. 'న్యార్ సెమె అల్లుడా, ఒబియెరో, వాయించు' అని వాడే కదూ అరిచేది? అరిచి ఇకిలిస్తాడు కూడాను వెధవ!"

ఆ కేక గురించి నాన్న చెప్పాడు, అమ్మ చెప్పింది. నవ్వు సంగతి ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో రికార్డులో అది ఏనాడో అరిగిపోయి ఉంటుంది.

"నవ్వుతాడని నీకెలా తెలుసు అమ్మమ్మా?"

ఆవిడ చేట వైపు చూసింది. ఒక రాయి తీసి పారేసింది. ఇంకోటి తీసింది. "ఈసారి గింజల్లో రాళ్ళెక్కువ," అంది. ఆ తరవాత మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికెళ్ళింది. మంచం కిందనించి రేకు పెట్టె లాగిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి చర్చికి కట్టుకునే తెల్ల తలగుడ్డలో చుట్టినదేదో నా ఒళ్ళో పెట్టింది.

విప్పాను. నల్లగా, నీళ్ళలా నిగనిగలాడుతోంది. నా మొహం కనిపించింది అందులో.

"పొయ్యిలో పెట్టేశావన్నారే!"

"పెట్టానని చెప్పాను. పెట్టానా?"

"వాయించావా?"

"ఒక్కసారి. బడి మాస్టారింట్లో ఉండేది పాట వాయించే పెట్టె. ఊళ్ళో ఏదో అనుకుంటున్నారని నేనే వెళ్ళి వేయించుకున్నాను. వాడా కేక వెయ్యగానే గదిలో ఉన్నవాళ్ళందరూ నా మొహం చూశారు. సిగ్గుతో చచ్చాననుకో. ఓలిగా ఒక ఆవు తోలింది లేదు, ఒక పెద్దమనిషిని పంపింది లేదు, నా అల్లుణ్ణని లోకమంతా చాటుకుంటాడా! అంత పొగరా!"

"మరి దాచావెందుకు?"

అమ్మమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "నా పేరున్న వస్తువు పొయ్యిలో ఎలా పెడతానే?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. గుడ్డ చుట్టేసి తీసుకుపోబోతే మణికట్టు పట్టుకుంది. అది గుమ్మం దాటదంది. వినవలసినవాళ్ళు ఇక్కడికి రావాలంది. నైరోబీ ఆవిడ, ఆ డిక్సన్, మా అమ్మ. "మీ నాన్నని కూడా రమ్మను," అంది, గోడకేసి తిరిగి.

*

మే నెల మొదటి శనివారం. నుంగారి బండి రోడ్డు దిగిన మరుక్షణం రేగడిలో కూరుకుపోయింది. డిక్సన్ మెరిసే బూట్లు వేసుకొచ్చాడు. ఒకటి బురద మింగేసింది, రెండోది తనే విప్పి చేత్తో పట్టుకున్నాడు. నాన్న కోటు వేసుకుని, పేంటు మోకాళ్ళ దాకా మడిచి, గొడుగుతో అందరికంటే వెనక నడిచాడు.

వాకిట్లోకి రాగానే మేమంతా అమ్మమ్మ ఇంట్లోకి వెళ్ళాం. నాన్న మాత్రం తిన్నగా వాకిలికి అవతల ఉన్న మా మామయ్య వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయినా ఆయన అత్తగారి గడప తొక్కలేదు. అత్తగారూ ఆయనా ఎదురుపడి ఒక్క మాట అనుకోలేదు. అది గొడవ కాదు, మర్యాద. కానీ మా ఇంట్లో ఆ మర్యాద అడుగున కాస్త గొడవ కూడా ఉందని అందరికీ తెలుసు.

నుంగారి తొడుగులు వేసుకుంది. "చేతులకి గజ్జా?" అంది అమ్మమ్మ. రికార్డు చూడగానే నుంగారి రెండు అంచులూ పట్టుకుని కిటికీ వెలుగులో అలా నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే ఆకాశం చిల్లు పడ్డట్టు వాన అందుకుంది. రేకుల కప్పు మీద ఆ మోతకి పక్క మనిషి అరిచినా వినబడలేదు. చేసేదేముంది? మొక్కజొన్న, చిక్కుడు కలిపి ఉడికించినది తింటూ, టీ తాగుతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నాన్నకి గిన్నె అవతలికే పంపారు. డిక్సన్ బురద కాళ్ళు చూసుకుంటూ, నుంగారి బ్యాటరీ చూసుకుంటూ, నేను కప్పు చూసుకుంటూ.

మూడు గంటలకి వాన వెలిసింది. చూరు నీళ్ళు టపటప పడుతున్నాయి. నుంగారి ప్లేయరుకి రికార్డింగు మిషను తగిలించి, ఊపిరి బిగబట్టి సూది దించింది.

గరగర లేదు. ముందు డప్పు, తరవాత ఒలాక్ గొంతు మా మధ్య కూర్చుని పాడినట్టు. మా అమ్మ పేరు ఎత్తుకున్నాడు. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. పాట ఆగింది. గిటారు ఒక్కటే లేచింది. పుట్టినప్పట్నించీ వింటున్న పాటే, కానీ ఆ తీగలు ఒకదాని మీద ఒకటి అంత చిలిపిగా దొర్లిపోతాయని నాకు తెలీదు. ఆ మధ్యలో, చేత్తో పట్టుకోవచ్చన్నంత స్పష్టంగా కేక: "న్యార్ సెమె అల్లుడా! ఒబియెరో! వాయించు!" వెంటనే నవ్వు. కడుపులోంచి, పడీ పడీ నవ్వు.

పాట అయిపోయాక డిక్సన్ ముక్కు ఎగబీల్చాడు. "అది మా నాన్న నవ్వే," అన్నాడు. "పోయేముందు రెండేళ్ళు దగ్గే విన్నాం. ఆ నవ్వు మర్చిపోయాను." వట్టి కాళ్ళతోనే వాకిలి దాటి వెళ్ళి, నాన్న చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏమన్నాడో మాకు వినబడలేదు. నాన్న మాత్రం పక్కకి జరిగి అతనికి బల్ల మీద చోటిచ్చాడు.

లోపల నుంగారి కళ్ళు తుడుచుకుని పనిలో పడింది. "అమ్మమ్మగారూ, పాట మిషన్లోకి వచ్చేసింది. పేరు పడుతుంది, మాటిస్తున్నాను. ఈ రికార్డు కూడా నాకిస్తారా? లక్షా ఇరవై వేలు ఇప్పిస్తాను. ఇంకెక్కడా ఇలాంటిది లేదు. దయచేసి ఇంక వాయించకండి. సూది దించినప్పుడల్లా దీని విలువ తగ్గుతుంది."

"వాయించకపోతే?"

"అలాగే ఉంటుంది."

"ముప్పై అయిదేళ్ళు అలాగే ఉంచాను కదమ్మా," అంది అమ్మమ్మ. "ఆ ఒక్కనాడు తప్ప విన్నానా? నా పేరు నేను వినలేదు, నా పిల్లకొచ్చిన పాటని దాన్ని విననివ్వలేదు. మళ్ళీ వెయ్యి."

"మొత్తమా?"

"మొత్తం ఎందుకు? ఆ కేక ఉన్నచోట వెయ్యి."

నుంగారి నా వైపు దీనంగా చూసింది. నేనేం చెయ్యను? ఆమె సూది దించింది. కేక, నవ్వు, గిటారు. "మళ్ళీ," అంది అమ్మమ్మ. నాలుగోసారికి నుంగారి తొడుగులు విప్పి పక్కన పెట్టేసి, తనూ నవ్వడం మొదలెట్టింది.

అప్పుడు అమ్మమ్మ లేచి వాకిలివైపు కిటికీ తలుపు బార్లా తీసింది. అటు చూడలేదు. గోడకి చెబుతున్నట్టు అంది: "అపొండీ, అవతల కూర్చున్నాయనకి వినబడుతోందో లేదో కనుక్కో."

నేను అడిగే పని లేకపోయింది. వాకిలి అవతల నాన్న గొడుగు కర్రని ఎడమచేత్తో నిలువుగా పట్టుకున్నాడు. దాని మీద వేళ్ళు పాటకంటే ఒక పిసరు ముందే పరుగెడుతున్నాయి. ఆయన కూడా ఇటు చూడలేదు. "వినబడుతోందని చెప్పు తల్లీ," అన్నాడు. "మా అత్తగారు సెలవిస్తే వచ్చే నెల వచ్చి, ఈ వరండాలోనే కూర్చుని వాయిస్తానని చెప్పు."

"గిటారేదీ నీకు?" అని అరిచింది అమ్మ లోపల్నించి.

"మా కొట్టు వెనకాల మా నాన్నది ఉంది. తెచ్చిస్తాను," అన్నాడు డిక్సన్.

ఆ ఏడు చివర్లో కొత్త రికార్డు వచ్చింది. అట్ట మీద పేరు ఎలా వెయ్యాలని నుంగారి ఫోనులో అడిగితే, నాన్న చెప్పలేక ఫోను అమ్మకిచ్చాడు. అందుకే అందులో ఇలా ఉంటుంది: పాట, ఒలాక్. బాణీ, గిటారు, ఒబియెరో, న్యార్ సెమె అల్లుడు. నుంగారి చిన్న ప్లేయరు ఒకటి అమ్మమ్మకి బహుమతిగా పంపింది. ఇప్పుడు ఆ ఒక్కచోట మా అమ్మమ్మ పాత రికార్డు కూడా గరగరమంటుంది.